పాఠకుల ప్రశ్నలు: సినాప్స్‌లో పొట్లాల లెక్క

నాడి కొస నుంచి కండరానికి, అవి కలిసే సినాప్స్ దగ్గర, సంకేతం ఎలా దాటుతుందో తేల్చిన శాస్త్రవేత్త బెర్నార్డ్ కాట్జ్. ఆయన పరిశోధనల మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాడి కొస నుంచి సంకేతాన్ని మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ ‘క్వాంటా’లుగా (విడివిడి పొట్లాలుగా) విడుదలవుతుందని మా పుస్తకంలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. దాన్ని ఎవరు, ఎలా పట్టుకున్నారు? అది పరికరంలో రొద కాదని ఎలా తెలిసింది?
– డిగ్రీ విద్యార్థిని (జువాలజీ), కర్నూలు

జవాబు: మీ అనుమానం సబబైనదే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కాట్జ్, పాల్ ఫాట్ కలిసి 1950లో ప్రకటించిన తొలి చిన్న నివేదికలో దాన్ని జీవసంబంధమైన రొద అనే పిలిచారు. పూర్తి పత్రం 1952లో వచ్చింది.

వాళ్లు తీసుకున్నది కప్ప కాలి కండరం. పల్చగా, నాడితో సహా ఊడి వస్తుంది, ఉప్పునీటి ద్రావణంలో గంటల తరబడి బతికి ఉంటుంది. కొన అర మైక్రాన్‌కన్నా సన్నగా లాగిన గాజు గొట్టంలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపి, దాన్ని ఒక్క కండర తంతువులోకి గుచ్చుతారు. కొన సరిగ్గా వస్తే నిరోధం పది మెగోమ్‌లకు పైన ఉంటుంది. గుచ్చగానే సుమారు మైనస్ 90 మిల్లీవోల్టులు కనిపించాలి. అది నిలవకుండా జారిపోతుంటే గుచ్చిన చోట తంతువు కారుతోందని అర్థం. ఆ తంతువును వదిలేసి ఇంకొకటి చూసుకోవాలి, ఎందుకంటే కారే తంతువులో చిన్న సంకేతాలు ఇంకా చిన్నవైపోతాయి.

నాడిని అసలు ప్రేరేపించకుండా ఊరికే చూస్తుంటే, నాడి కండరాన్ని తాకే ఎండ్‌ప్లేట్ దగ్గర మాత్రం దాదాపు అర మిల్లీవోల్టు ఎత్తున చిన్న చిన్న ఎగుడులు కనిపించాయి. సగటున సెకనుకు ఒకటి అనుకోండి, కాని ఒక క్రమమంటూ లేదు. ఇవి పరికరానివి కావని తేల్చిన ఆధారాలు నాలుగు. అదే తంతువులో ఎండ్‌ప్లేట్‌కు కొన్ని మిల్లీమీటర్లు దూరం జరిగితే ఎగుడులు మాయమవుతాయి. కండరం మీద ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే క్యురారే వేస్తే కుంచించుకుపోతాయి. ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును అడ్డుకునే నియోస్టిగ్మిన్ వేస్తే పెరుగుతాయి. నాడిని కోసి, దాని కొసలు క్షీణించేదాకా ఆగి చూస్తే ఆగిపోతాయి. ఆంప్లిఫయర్ రొదకు క్యురారేతో పనేముంది?

పోనీ, ఒక్కో ఎగుడూ ఒక్కో అణువు పనేమో? అదీ కాదు. ఎసిటైల్‌కోలిన్‌ను బయటి నుంచి కొద్దికొద్దిగా పోస్తే కండరం వోల్టేజి నున్నగా మారుతుంది, అర మిల్లీవోల్టు మెట్లు రావు. అంటే నాడి కొస వేలాది అణువులను విడి సరుకుగా కాక కట్టిన పొట్లంగా విసురుతోంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నాడి కొసల నిండా సుమారు 50 నానోమీటర్ల వెసికిల్స్ (చిన్న చిన్న సంచులు) కనిపించాయి. ఒక వెసికిల్ అంటే ఒక పొట్లం అనే ప్రతిపాదన అక్కడి నుంచి బలపడింది.

ప్రశ్న: నాడిని ప్రేరేపించినప్పుడు ఎన్ని పొట్లాలు పడ్డాయో ఎలా లెక్కిస్తారు? ఉదాహరణతో చెప్పండి.
– జూనియర్ లెక్చరర్, ఖమ్మం

జవాబు: మామూలు ద్రావణంలో కప్ప నాడి ఒక్క సంకేతానికి వంద నుంచి మూడొందల దాకా పొట్లాలు విడుస్తుంది. అప్పుడు కండరం ఎగిరిపడుతుంది, గాజు కొన విరుగుతుంది, ఒక్కో పొట్లం కనపడే మాటే లేదు. క్యురారేతో కండరాన్ని ఆపవచ్చు గానీ, పొట్లం సంకేతం రొదలో కలిసిపోతుంది. అందుకే హోసే డెల్ కాస్టియో, కాట్జ్ 1954లో వేరే దారి పట్టారు. క్యాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచారు. పొట్లం పరిమాణం అలాగే ఉంటుంది, పడే సంఖ్య మాత్రం ఒకటి రెండుకు దిగుతుంది. కొన్నిసార్లు ఒక్కటీ పడదు.

ఆ ‘ఒక్కటీ పడని’ సార్లే లెక్కకు పట్టుకొమ్మ. నాడిని 200 సార్లు ప్రేరేపిస్తే 74 సార్లు స్పందన రాలేదనుకుందాం. 200ను 74తో భాగిస్తే 2.70. దాని సహజ సంవర్గమానం 0.99. అంటే సగటున ఒక్కో ప్రేరణకు ఒక పొట్లం. ఇది నిజమైతే, యాదృచ్ఛికంగా జరిగే ఘటనల సంఖ్యను అంచనా వేసే పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక పొట్లం పడ్డవి సుమారు 74, రెండు పడ్డవి 37, మూడు పడ్డవి 12, నాలుగు పడ్డవి 3 ఉండాలి. రికార్డులో కొలిచిన ఎత్తులు ఈ అంచనాకు దగ్గరగా గుంపులు కట్టాలి. ఇంకో దారిలోనూ సరిచూసుకోవచ్చు: ప్రేరణకు వచ్చిన స్పందనల సగటు ఎత్తును (రానివాటిని సున్నాగా కలుపుకొని), తనంతట వచ్చే చిన్న ఎగుళ్ల సగటు ఎత్తుతో భాగించాలి. రెండు జవాబులూ కలవాలి.

కలవకపోతే ఎక్కడ తప్పిందో వెతకాలి. రొద ఎక్కువగా ఉంటే చిన్న స్పందనలను ‘రాలేదు’ కింద రాసేస్తాం, అప్పుడు మొదటి లెక్క తక్కువ చూపిస్తుంది. ప్రేరణ తీగ జారి నాడే మేల్కొనని సార్లు ఉంటే అవీ ఇందులో కలుస్తాయి. ప్రేరణ వోల్టేజిని కాస్త పెంచినా రానివాటి సంఖ్య మారకపోతేనే నమ్మండి. పొట్లాలు ఎక్కువైనప్పుడు మరో చిక్కుంది. ఎండ్‌ప్లేట్ వోల్టేజి సున్నా వైపు చేరేకొద్దీ ఒక్కో పొట్లం చూపే ప్రభావం తగ్గుతుంది కాబట్టి, ఎత్తులను ఊరికే భాగిస్తే సంఖ్య తక్కువ వస్తుంది. దానికి సవరణ సూత్రం ఉంది, వాడాలి.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా పనికొచ్చే సంగతి నా దృష్టిలో ఇది: పొట్లం ఎత్తు మారితే తేడా కండరం వైపు వెతకండి, పొట్లాల సంఖ్య మారితే నాడి వైపు వెతకండి. మినహాయింపులు లేకపోలేదు గాని, మొదటి అనుమానానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు.

ప్రశ్న: క్యాల్షియం తగ్గిస్తే పొట్లాలు ఎందుకు తగ్గుతాయి? మా ప్రయోగశాలలో ఒకే ద్రావణం రెండుసార్లు చేస్తే రెండు రకాల ఫలితాలొస్తున్నాయి.
– ఎమ్మెస్సీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: నాడి కొసకు సంకేతం చేరగానే క్యాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, లోపలికి వచ్చిన క్యాల్షియమే వెసికిల్‌ను బయటికి తెరిపిస్తుంది. కాట్జ్, రికార్డో మిలెడి 1967లో దీన్ని చక్కగా చూపించారు. క్యాల్షియం లేని ద్రావణంలో నాడి కొస పక్కన క్యాల్షియం నింపిన గాజు గొట్టం పెట్టి, దాన్ని లిప్తపాటు వదిలారు. విద్యుత్ ప్రేరణకు సరిగ్గా ముందు వదిలితే పొట్లాలు పడ్డాయి, తర్వాత వదిలితే పడలేదు. మెగ్నీషియం ఆ క్యాల్షియంతో పోటీపడి అడ్డుకుంటుంది. కాట్జ్ విభాగంలోనే డాడ్జ్, రహమిమోఫ్ అదే ఏడాది మరో సంగతి తేల్చారు: క్యాల్షియం తక్కువగా ఉన్న పరిధిలో విడుదల దాని నాలుగో ఘాతంతో మారుతుంది. సగం చేస్తే పదహారో వంతుకు పడిపోతుంది.

మీ రెండు రకాల ఫలితాలకు కారణం చాలావరకు తూకంలోనే ఉంటుంది. కప్ప రింగర్ ద్రావణం (కండరాన్ని బతికించి ఉంచే ఉప్పునీరు) లీటరుకు మామూలు లెక్క: సోడియం క్లోరైడ్ 6.7 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.19 గ్రాములు, క్యాల్షియం 1.8 మిల్లీమోలార్, ఫాస్ఫేట్ బఫర్‌తో పీహెచ్ 7.2 దగ్గర. ఆ క్యాల్షియానికి నీరు లేని క్లోరైడ్ అయితే 0.20 గ్రాములు, రెండు నీటి అణువులున్న రకమైతే 0.26 గ్రాములు. సీసా మారినా తూకం మార్చకపోతే క్యాల్షియం నాలుగో వంతు తగ్గిపోతుంది. తక్కువ క్యాల్షియం ప్రయోగాల్లో ఇదే పొరపాటు జరిగితే నాలుగో ఘాతం వల్ల విడుదల మూడో వంతుకు దిగుతుంది. పైగా క్యాల్షియం క్లోరైడ్ గాలిలో తేమ పీలుస్తుంది. అందుకే 1 మోలార్ ద్రావణం ఒకటి చేసి ఉంచుకుని, అందులోంచి పైపెట్‌తో తీసుకోవడం మేలు. ఫాస్ఫేట్ పూర్తిగా కరిగి పలచబడ్డాక, కలియబెడుతూ, క్యాల్షియాన్ని ఆఖర్న చుక్కలుగా వేయండి. ముందే వేస్తే తెల్లగా విరిగి అడుక్కు చేరుతుంది. ఆ ద్రావణాన్ని వడగట్టి వాడుకుందామనుకోకండి, పారబోయాల్సిందే.

ప్రశ్న: నాగుపాము కాటుకు నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ పనిచేసి, కట్లపాముకు అంతగా పనిచేయదంటారు. రెండూ నరాల విషాలే కదా?
– పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: పైన చెప్పిన గీటురాయి ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. నాగుపాము విషంలోని ముఖ్యమైన విషపదార్థం కండరం వైపు గ్రాహకాల మీద కూర్చుంటుంది. పొట్లాలు పడుతూనే ఉంటాయి, ఎత్తు తగ్గుతుంది. నియోస్టిగ్మిన్‌తో ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా ఎక్కువసేపు నిలుస్తుంది కనుక కొంత ఊరట దొరుకుతుంది. గుండె వేగం పడిపోకుండా, చొంగ, కఫం పెరగకుండా దానికి ముందు లేదా దానితోపాటు అట్రోపిన్ ఇస్తారు. కట్లపాము విషంలోని బీటా బంగారోటాక్సిన్ల వంటివి నాడి కొసనే పాడుచేస్తాయి. పొట్లమే పడనప్పుడు దేన్ని నిలబెడతారు? కొసలు తిరిగి పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, అందాకా వెంటిలేటరే ఊపిరి.

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు లేకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. గట్టిగా కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలు, చెయ్యి కదలకుండా ఉంచండి. యాంటీవీనమ్ ఎంత త్వరగా పడితే అంత మంచిది, ఎందుకంటే ఒకసారి పాడైన నాడి కొసను అది బాగుచేయలేదు.

ప్రశ్న: కాట్జ్ డాక్టరా, భౌతిక శాస్త్రవేత్తా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చదివింది వైద్యం. 1911లో లైప్‌జిగ్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల పాలనలో అక్కడ భవిష్యత్తు లేదని 1935లో లండన్ చేరి శరీరధర్మ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ దగ్గర పనిచేశారు. 1939 నుంచి సిడ్నీలో, యుద్ధకాలంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ అధికారిగా. 1946లో లండన్‌కు తిరిగొచ్చి, 1952 నుంచి బయోఫిజిక్స్ విభాగాన్ని నడిపారు. 1970లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జూలియస్ ఆక్సెల్‌రాడ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. 2003లో మరణించారు.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చివరి ఏడాదిలో ఉంది. సినాప్స్‌ల మీదే పరిశోధన చేస్తానంటోంది. దారేది?
– తండ్రి, తిరుపతి

జవాబు: ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీ, లేదా కొన్ని సంస్థల్లో నేరుగా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్రాల జాతీయ కేంద్రం), ఐఐఎస్‌సీ న్యూరోసైన్స్ సెంటర్, ముంబైలో టీఐఎఫ్ఆర్, హరియాణా మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్), టీఐఎఫ్ఆర్ నిర్వహించే జీబిల్స్ (JGEEBILS) పరీక్షలకు ఇప్పటినుంచే సిద్ధం కమ్మనండి. అర్హతలు ఏటా మారుతుంటాయి, తాజా ప్రకటన చూసుకోవాలి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుందని ఇంట్లో అందరూ ముందే అనుకుని ఉండడం మంచిది.

జీవశాస్త్రం వచ్చు కదా అని ఊరుకోవద్దు. ఓమ్ సూత్రం, కెపాసిటర్-రెసిస్టర్ సర్క్యూట్లు, సంభావ్యత, పైథాన్ ఈ రంగంలో రోజువారీ పనిముట్లు. ఇప్పటి ప్రయోగాలు చాలావరకు ఎలుక మెదడు నుంచి కోసిన సుమారు 300 మైక్రాన్ల పలచని ముక్కల మీద, ప్యాచ్ క్లాంప్ పద్ధతిలో (గాజు గొట్టం కొనను కణం పొరకు అతికించి కరెంటు కొలవడం) జరుగుతాయి. అక్కడ కండరంలా వందల పొట్లాలుండవు; చాలా సినాప్స్‌లు ఒక సంకేతానికి ఒక్క పొట్లం విడుస్తాయో లేదో కూడా నమ్మకం లేదు. సంకేతం పికోఆంపియర్లలో ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ల సమయమంతా 50 హెర్ట్జ్ కరెంటు రొదతోనే గడిచిపోతుంది. పరికరాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఆపి చూస్తూ ఏది తెస్తోందో పట్టుకోవాలి. ఎర్త్ తీగలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి, రెండు చోట్ల కలిస్తే వలయం ఏర్పడి రొద పెరుగుతుంది. వెండి తీగ మీది క్లోరైడ్ పూత అరిగితే వోల్టేజి నెమ్మదిగా జరుగుతూ పోతుంది. వేసవి సెలవుల్లో ఏదైనా ఎలక్ట్రోఫిజియాలజీ ప్రయోగశాలలో రెండు నెలలు ట్రైనీగా ఉంటే ఈ ఓపిక తనకుందో లేదో అమ్మాయికే తేలిపోతుంది.