చిల్లర్ ట్రిప్ అయితే, బాయిలర్ ఆరిపోతే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఎనిమిది అంతస్తుల కార్యాలయ భవనం. రెండు చిల్లర్లు (నీటిని చల్లబరిచి అంతస్తులకు పంపే ఏసీ యంత్రాలు) ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటర్ మీదికి మారిన కాసేపటికే ఒక చిల్లర్ ఆగిపోయింది. ఆపరేటర్ పదే పదే రీసెట్ నొక్కినా అది నిలవలేదు. సాయంత్రానికి కంప్రెసర్ కాలిపోయిందని తేల్చారు. రెండో చిల్లర్ నడుస్తున్నా పై అంతస్తులు చల్లబడలేదు. ఇలాంటప్పుడు మొదట ఏం చూడాలి?

జవాబు: కంప్రెసర్ రీసెట్ వల్లే కాలిందని దూరం నుంచి చెప్పడం సరికాదు గానీ, అనుమానించడానికి తగిన ఆస్కారం ఉంది. చిల్లర్ ట్రిప్ అయిందంటే, అంటే తనంతట తాను ఆగిందంటే, చాలా సందర్భాల్లో అది తనను తాను కాపాడుకుందని అర్థం. వేడిని బయటికి వదిలే కండెన్సర్ వైపు ఒత్తిడి హద్దు మీరినా, నీటిని చల్లబరిచే ఎవాపరేటర్‌లో నీటి ప్రవాహం తగ్గినా, ఆయిల్ ఒత్తిడి పడిపోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అది ఆగి తీరాలి. ఆ కారణం అలాగే ఉండగా రీసెట్ నొక్కితే యంత్రం అదే లోపంతో మళ్ళీ మొదలవుతుంది. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు ప్రతిసారీ మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడి చల్లారకముందే ఇంకో స్టార్టు పడితే వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) తట్టుకోలేదు. కనుక కారణం తెలిసి, దాన్ని సరిచేశాక ఒక్కసారే రీసెట్ చేయాలి. మళ్ళీ ట్రిప్ అయితే చేయి తీసి టెక్నీషియన్‌ను పిలవాలి. స్టార్టుల మధ్య వ్యవధి ఉంచే టైమర్‌ను బైపాస్ చేయించే ఆపరేటర్లు కొందరుంటారు. ఎంత తొందర ఉన్నా వారిని ఆ పని చేయనివ్వకండి.

బటన్ ముట్టుకునే ముందు ప్యానెల్ తెరను ఫోనుతో ఫొటో తీయించండి. లోపం కోడ్, సమయం, రెండు వైపుల ఒత్తిళ్లు, నీరు వచ్చే, పోయే ఉష్ణోగ్రతలు అందులో ఉండాలి. కొన్ని ప్యానెళ్లలో రీసెట్ చేస్తే ఈ వివరాలు తెర మీది నుంచి పోతాయి, ఆ తరువాత వచ్చిన టెక్నీషియన్ చీకట్లో వెతుక్కోవలసి వస్తుంది.

చిల్లర్‌తో పాటు అనేక అంతస్తుల ఏహెచ్‌యూలు (గాలిని చల్లబరిచి లేదా వేడిచేసి గదుల్లోకి పంపే యూనిట్లు) కూడా ఒకేసారి ఆగితే, ప్లాంట్ గదికి పరుగెత్తే ముందు ఫైర్ అలారం ప్యానెల్ చూడండి. పొగ ఇతర అంతస్తులకు వ్యాపించకుండా అలారం మోగగానే ఏహెచ్‌యూలు ఆగేలా చాలా భవనాల్లో అమరిక ఉంటుంది. అలారమే కారణమైతే మనుషులను బయటికి పంపడం మీద దృష్టి పెట్టాలి, చల్లదనం సంగతి తరువాత చూసుకోవచ్చు.

మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం జనరేటర్ మీద ఉంది. జనరేటర్ వైపు ఫేజుల వరస తారుమారై ఉంటే మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. స్క్రూ, స్క్రోల్ కంప్రెసర్లు ఒక దిశలోనే తిరగాలి, వెనక్కి తిరిగితే త్వరలోనే పాడవుతాయి. వాటిని కాపాడేందుకే, ఫేజుల వరస తప్పితే యంత్రాన్ని ఆపే ఫేజ్ రిలే ఉంటుంది. పంపులు, కూలింగ్ టవర్ (కండెన్సర్ వేడిని బయటి గాలిలోకి వదిలేది) ఫ్యాన్ల సంగతి మరింత మోసకరం, ఎందుకంటే అవి వెనక్కి తిరుగుతూ కూడా కొంత నీటిని, కొంత గాలిని నెడుతూనే ఉంటాయి. ఫ్యాను తిరుగుతోంది కదా అని ఆపరేటర్ నిశ్చింతగా ఉంటాడు, ఇక్కడేమో కండెన్సర్ ఒత్తిడి పెరుగుతూ పోయి చిల్లర్ ట్రిప్ అవుతుంది. మోటారు మీది బాణం గుర్తును, అది నిజంగా తిరుగుతున్న దిశను సరిపోల్చి చూడడానికి నిమిషం కూడా పట్టదు. ఆ తరువాత టవర్ తొట్టిలో నీటి మట్టం, బెల్టు, స్ట్రెయినర్ (నీటిలో చెత్తను ఆపే జల్లెడ) చూడవచ్చు. విద్యుత్తు చాలా గంటలు లేకుండా పోయి ఉంటే మాత్రం, చిల్లర్‌లోని శీతలీకరణ గ్యాసు చల్లబడిన ఆయిల్‌లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఆయిల్ హీటర్ వేసి తయారీదారు చెప్పినంత సేపు ఆగి స్టార్ట్ చేయాలి.

ఇక రెండో చిల్లర్ నడుస్తున్నా పై అంతస్తులు ఎందుకు చల్లబడలేదన్నది చూద్దాం. ఆగిన చిల్లర్ నీటి వాల్వు మూయించారా? సాధారణంగా చిల్లర్ నుంచి నీరు 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయలుదేరి, 12 డిగ్రీల దగ్గర తిరిగి వస్తుంది. ఆగిన చిల్లర్ వాల్వు తెరిచే ఉండి, దాని పంపు కూడా నడుస్తుంటే, సగం నీరు 12 డిగ్రీల వద్దే దానిలోంచి దూరి వచ్చి, అవతలి 7 డిగ్రీల నీటిలో కలుస్తుంది. అప్పుడు అంతస్తులకు వెళ్లేది తొమ్మిదిన్నర డిగ్రీల నీరు. దానితో గాలి కొంత చల్లబడినా తేమ సరిగా పోదు, జనం ఉక్కపోతకు అల్లాడతారు. ఆ వాల్వు మూసి, ఆ పంపు ఆపండి. తరువాత ఖాళీ సమావేశ మందిరాలకు, లాబీకి చల్లదనం తగ్గించి, ఎండ తగిలే వైపు తెరలు దించి, ఉన్న సగం సామర్థ్యాన్ని మనుషులు కూర్చున్న చోటికి మళ్లించండి. బయటి వేడి గాలి రాకుండా డాంపర్లను (గాలి దారిలోని రెక్క తలుపులను) కొంత మూయవచ్చు గానీ పూర్తిగా మూయకండి. కిటికీలు తెరుచుకోని భవనంలో తాజా గాలి ఆ దారినే రావాలి.

ప్రశ్న: మా సర్వర్ గది ఏసీ చెడిపోతే అద్దెకు తెచ్చిన పోర్టబుల్ యూనిట్ పెట్టాం. గంటలో గది ఇంకా వేడెక్కింది. యూనిట్‌లోనే లోపం ఉందా?

జవాబు: వేడి గాలి బయటికి పంపే గొట్టం ఎక్కడికి పెట్టారో ముందు చూడండి. దాన్ని ఫాల్స్ సీలింగ్‌లోకి దూర్చి వదిలేస్తే, తీసిన వేడి అంతా, దానికి తోడు యూనిట్ సొంతంగా వాడిన విద్యుత్తు వేడి కూడా, ఏదో ఒక దారిన గదిలోకే తిరిగి వస్తుంది. గొట్టం భవనం బయటికి గానీ, వేడిని భరించగల పెద్ద ఖాళీ ప్రదేశంలోకి గానీ వెళ్లాలి. ఆ గొట్టం ద్వారా పోయిన గాలి స్థానంలోకి చల్లని గాలి వచ్చే దారి కూడా ఉండాలి. లేకపోతే తలుపు సందుల్లోంచి వేడి గాలిని లోపలికి పీల్చుకుంటుంది.

సామర్థ్యం సరిపోయిందో లేదో లెక్క కట్టడం సులువే. సర్వర్లు వాడే విద్యుత్తు దాదాపు అంతా వేడిగానే మారుతుంది, ఒక టన్ను శీతలీకరణ అంటే సుమారు 3.5 కిలోవాట్లు. యూపీఎస్ తెర మీద 10 కిలోవాట్ల లోడు కనిపిస్తే దాదాపు మూడు టన్నులు కావాలి. ఒక టన్ను యూనిట్ తెచ్చి పెట్టి, పని చేయడం లేదని దాన్ని తిట్టి లాభం లేదు. సర్వర్లకు వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఆష్రే అనే అమెరికన్ ఏసీ ఇంజనీర్ల సంస్థ సిఫారసు. గది ఆ హద్దు దాటి వేడెక్కుతూనే ఉంటే, యంత్రాలు వాటంతట అవి ఆగిపోయే వరకు చూడకుండా, అంతగా అవసరం లేని సర్వర్లను పద్ధతి ప్రకారం ఆపించండి. ఏది ముందు ఆపాలన్న జాబితా ఆ గది తలుపు మీదే అంటించి ఉండాలి. నడవా చల్లగా ఉంటే తలుపు తెరిచి ఫ్యాను పెట్టడం తాత్కాలికంగా మేలే గానీ, అది ఫైర్ డోర్ అయితే అక్కడ మనిషిని నిలబెట్టండి. యూనిట్ కింద నీరు చేరే బకెట్ నిండి పొర్లితే ఆ నీరు కేబుళ్ల మీదికే పోతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: గడ్డకట్టే చలిలో అర్ధరాత్రి మా వాణిజ్య భవనం బాయిలర్ ఆరిపోయింది. కాపలాదారు బర్నర్ రీసెట్ పదే పదే నొక్కాడట. అది ప్రమాదమా? ఉదయం వరకు పైపులను ఎలా కాపాడుకోవాలి?

జవాబు: ప్రమాదమే, చిల్లర్ విషయంలో కంటే చాలా ఎక్కువ. మంట పట్టనప్పుడు బర్నర్ లాక్ అవుతుంది. మళ్ళీ మళ్ళీ రీసెట్ చేస్తే కాలని ఇంధనం లోపల పోగుపడి, చివరికి అంటుకున్నప్పుడు పేలవచ్చు. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చునూ వేయకుండా, ఆపకుండా, అందరూ బయటికి వచ్చి, బయటి నుంచే ఫోను చేయాలి. నీటి మట్టం తగ్గి బాయిలర్ ఆగి ఉంటే, మంట రాకుండా చూసి, అది తనంతట తాను చల్లారే వరకు ఆగాలి. కాగిన ఖాళీ బాయిలర్‌లోకి చల్లటి నీరు వదిలితే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ప్రాణం మీదికి తెస్తుంది. భవనంలో ఒకరికి మించి తలనొప్పి, వికారం అంటుంటే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించండి, దానికి రంగూ వాసనా ఉండవు.

నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. పగులు అప్పుడే బయటపడకుండా, మంచు కరిగాక కారడంతో తెలుస్తుంది. అందుచేత బాయిలర్ లేకపోయినా పంపులు నడుపుతూ నీటిని కదిలిస్తూ ఉండండి. బయటి గాలి డాంపర్లను పూర్తిగా మూసి, ఏహెచ్‌యూలు ఆపండి. ఎండాకాలపు సలహాకు ఇది విరుద్ధంగా కనిపించవచ్చు గానీ, రాత్రి భవనం ఖాళీగా ఉంటుంది, ముందుగా గడ్డకట్టేదేమో ఆ డాంపర్ల వెనకున్న కాయిలే (ఏహెచ్‌యూలో నీరు పారే గొట్టాల చుట్ట). గ్లైకాల్ (నీరు గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) కలపని కాయిళ్లను అవసరమైతే ఖాళీ చేయించండి. నీరు నిండి ఉండే స్ప్రింక్లర్ పైపులున్న చోట ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు దిగకూడదు. అక్కడికి విద్యుత్ హీటర్లు పెట్టవలసి వస్తే ఎక్స్‌టెన్షన్ తీగలు వాడకుండా గోడ సాకెట్‌కే కలపండి. కిరోసిన్, గ్యాసు హీటర్లను లోపలికి తేవద్దు.

ప్రశ్న: మరమ్మతు కోసం చాలా రోజులు ఆపిన కూలింగ్ టవర్‌ను నేరుగా మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దు. నిలిచిన గోరువెచ్చని నీటిలో, ముఖ్యంగా 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లీజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియా హోటల్‌లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశానికి వచ్చినవారు వరుసగా న్యుమోనియా బారిన పడినప్పుడే ఈ బాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి లోకానికి తెలిసింది. ఫ్యాను ఆ నీటి తుంపరలను గాలిలోకి చిమ్ముతుంది కాబట్టి, దాన్ని వేయకముందే తొట్టి శుభ్రం చేయించి, నీటి శుద్ధి చేసేవారితో క్రిమిసంహారక మోతాదు వేయించండి.

ప్రశ్న: మా సర్వీస్ ఒప్పందంలో 4 గంటల స్పందన అని రాసి ఉంది. మనిషి సమయానికే వచ్చాడు గానీ విడిభాగం లేదని వెళ్లిపోయాడు. ఏమైనా అడగవచ్చా?

జవాబు: ఒప్పందం ప్రకారం అతను మాట నిలబెట్టుకున్నట్టే. స్పందించే గడువు వేరు, బాగుచేసే గడువు వేరు. ఒప్పందాన్ని పునరుద్ధరించినప్పుడు రెండింటినీ విడిగా రాయించండి. బెల్టులు, ఫ్యూజులు, కాంటాక్టర్లు, ఫేజ్ రిలే, ఫ్లో స్విచ్చు, సెన్సర్లు మీ స్టోరులోనే ఉంచుకోండి. వీటన్నిటికంటే ముఖ్యంగా, అద్దె చిల్లర్‌ను తగిలించడానికి వీలుగా ప్రధాన నీటి పైపుకు వాల్వులతో కూడిన రెండు ఫ్లాంజీలను (పైపు బోల్టులతో బిగించే అంచులను), ప్యానెల్‌లో ఒక ఖాళీ బ్రేకర్‌ను ముందే ఏర్పాటు చేయించండి. అవి లేకపోతే అద్దె యంత్రం లారీలో గేటు ముందుకు వచ్చి కూడా, పైపు కోసి వెల్డింగ్ చేసే వరకు అక్కడే నిలబడి ఉంటుంది.