శాలువాల దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడూ,

ఆస్ట్రేలియా బ్యాండ్ ‘ద వేఫ్స్’ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. పాటలన్నీ విన్నాకే కలం పట్టావని తెలుస్తోంది. కానీ మొదటి వాక్యంలోనే అమెరికా గాయకుడు బాబ్ డిలన్‌ని దింపేశావు. 2003లో ఆయన ఆస్ట్రేలియా వచ్చినప్పుడు ఆయన కచేరీల్లో ముందుగా వీళ్ళు పాడారు, ఆ తర్వాత అమెరికా పర్యటనకీ ఆయన వీళ్ళని పిలిచాడు. పెద్ద విషయమే. అయితే దానితో మొదలుపెడితే చదివేవాడికి అర్థమయ్యేది ఒకటే: ఎవరో పెద్దాయన చెయ్యి అందించాడు, వీళ్ళు గట్టెక్కారు. అప్పటికి వాళ్ళు రోడ్డెక్కి 11 ఏళ్ళు. ఆ 11 ఏళ్ళకీ నీ వ్యాసంలో దక్కింది “ఎన్నో కష్టాలు పడ్డారు” అన్న ముక్క. ఆ వాక్యం ఎవరి గురించైనా రాసుకోవచ్చు. కొట్టేశాను.

కళాకారుల మీద రాసేటప్పుడు మనవాళ్ళకి ఇదో జబ్బు. బిరుదులు, శాలువాలు, ఫలానా వారి చేతులమీదుగా సన్మానం. కచేరీకి ఎంత ముట్టిందో, ఊరికీ ఊరికీ మధ్య ఎలా తిరిగారో మచ్చుకైనా ఉండదు. నువ్వైనా ఆ దారి పట్టకు.

ముందు దూరం గురించి రాయి. డోనా, విక్కీ సింప్సన్ అక్కచెల్లెళ్ళది పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రానికి దక్షిణపు అంచున, సముద్రం ఒడ్డునున్న ఆల్బనీ. తండ్రి చేపలు పట్టేవాడు. ఇద్దరూ వ్యాన్‌లో సామాను వేసుకుని పబ్బుల్లో పాడుకుంటూ బయల్దేరారు. 1992లో అదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న బ్రూమ్‌లో వాళ్ళకి జాష్ కనింగ్‌హమ్ కలిశాడు, ముగ్గురూ బ్యాండ్ అయ్యారు. అతనిది ఖండానికి అవతలి ఒడ్డు, న్యూ సౌత్ వేల్స్. ఆల్బనీ నుంచి రాష్ట్ర రాజధాని పెర్త్ 400 కిలోమీటర్ల పైమాటే. పెర్త్ నుంచి బ్రూమ్ 2,000 దాటుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో, అలాంటివి తొమ్మిది ఆ ఒక్క రాష్ట్రంలో పడతాయి. జనం మాత్రం అప్పట్లో 20 లక్షలు కూడా లేరు. పెర్త్‌లో ఉంటున్న నీకు ఇది కొత్త కాకపోవచ్చు. తెనాలిలో కూర్చుని చదివేవాడికి ఇది చెప్పకపోతే, రోజంతా బండి తోలి సాయంత్రానికి పట్టుమని పాతికమంది లేని చోట పాడడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

పైగా పబ్బుకి వచ్చినవాడు తాగడానికి వస్తాడు, పాట కోసం కాదు. వాణ్ణి తనవైపు తిప్పుకోవాలి. అక్కచెల్లెళ్ళ గొంతులు కలిసే తీరు, విక్కీ హార్మోనికా, జాష్ గిటార్, పాటకీ పాటకీ మధ్య చెప్పే కబుర్లు, ఇవన్నీ అలాంటి గదుల్లో సానపట్టుకున్నవే. బ్లూస్, కంట్రీ, ఫోక్ మూడు బాణీలూ వాళ్ళ సంగీతంలో కలిశాయని రాశావు కదా, ఎక్కడ కలిశాయో కూడా రాస్తే ఆ మాటకి బలం వస్తుంది.

ఇక డబ్బు. ‘స్వతంత్ర బ్యాండ్’ అని పదే పదే అన్నావు. ఎవరి నుంచి స్వతంత్రం? పెద్ద కంపెనీతో ఒప్పందమంటే మామూలుగా రికార్డింగ్ ఖర్చు కళాకారుడి వాటాలోంచి రాబట్టుకున్నాకే అతని చేతికి ఏదైనా వస్తుంది. మాస్టర్ మీద, అంటే అసలు రికార్డింగ్ మీద, హక్కు చాలాసార్లు కంపెనీదే. వీళ్ళు 1996, 1998, 2000 సంవత్సరాల్లో వేసిన మూడు ఆల్బమ్‌లూ సొంతంగా వేసుకున్నవే. కచేరీ అయ్యాక బల్ల దగ్గర అమ్ముడయ్యే సీడీలో లాభం నేరుగా పాడినవాళ్ళదే. కొన్నవాడు ఎదురుగానే ఉంటాడు, మళ్ళీ ఆ ఊరొస్తే ఇంకో నలుగురిని వెంటబెట్టుకొస్తాడు. 2002లో తోటి ఆస్ట్రేలియా గాయకుడు జాన్ బట్లర్‌తో, మేనేజర్ ఫిల్ స్టీవెన్స్‌తో కలిసి ‘జారా రికార్డ్స్’ అనే సొంత లేబుల్ పెట్టుకున్నారు. అప్పటికే కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, లేబుల్ తర్వాత వచ్చింది. నీ వ్యాసానికి వెన్నెముక ఈ వరసే. దాన్ని నువ్వు తలకిందులు చేశావు.

ఇవన్నీ చెప్పాక అవార్డులు రానీ. ఆస్ట్రేలియాలోని ట్రిపుల్ జె రేడియో శ్రోతల ఓటింగ్‌లో వీళ్ళ పాట ‘లండన్ స్టిల్’ 2002 జాబితాలో మూడో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ‘అప్ ఆల్ నైట్’ ఆల్బమ్‌కి నాలుగు అరియా అవార్డులు, అంటే ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చేవి, వచ్చాయి. డిలన్ కూడా ఈ పేరాలోనే సర్దుకుంటాడు.

పాటల దగ్గర మాత్రం తొందరపడకు. ‘లండన్ స్టిల్’ గురించి “ఇంటిమీద బెంగను హృద్యంగా ఆవిష్కరించిన గీతం” అన్నావు. ఇది సభల్లో మైకు ముందు అనే మాట. ఆ పాటలో అమ్మాయి లండన్‌లో ట్యూబ్ రైలెక్కి కామ్‌డెన్ పేటకి వెళ్తుంది, పాత బాణీ రికార్డులు కొనుక్కుంటుంది. బెంగ అంతా ఆ చిల్లర పనుల్లోనే ఉంది. పరాయి ఊళ్ళో ఉన్నవాడివి, నీకు నేను చెప్పాలా? ‘బ్రైడల్ ట్రైన్’ని అయితే నువ్వు పేరు చెప్పి వదిలేశావు. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ నావికుణ్ణి పెళ్ళాడిన తమ నాయనమ్మో అమ్మమ్మో, ఆ తరం పెద్దావిడ కథని విక్కీ పాట కట్టింది. అలాంటి పెళ్ళికూతుళ్ళు రైల్లో ఖండం దాటి, ఓడెక్కి భర్తల దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో చెప్పుకునే ముచ్చట ఒక దేశ చరిత్రలోకి ఎలా నడిచిందో దానిమీద రెండు పేరాలైనా రాయి. ఆ పెద్దావిడ తండ్రి వైపా, తల్లి వైపా అన్నది కనుక్కునే రాయి. తెలుగులో ఆ వరస తప్పించుకోలేం.

2003 తర్వాతి భాగాన్ని బాగా కుదించు. 25 ఏళ్ళు నిండిన సందర్భంగా 2017లో ‘ఐరన్‌బార్క్’ ఆల్బమ్ వచ్చిందన్న సంగతి ఉంటే చాలు. ఆల్బమ్‌ల జాబితా ఎవరికైనా దొరుకుతుంది, దానికి నువ్వక్కర్లేదు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. ఫ్రీమాంటిల్ నీకు దగ్గరే కదా. అక్కడ పేరు లేని బ్యాండ్ ఏదైనా పాడుతున్న పబ్బుకి వెళ్ళి చివరిదాకా కూర్చో. ఎంతమంది వింటున్నారు, పాటల మధ్య వాళ్ళేం మాట్లాడుతున్నారు, బల్లమీద ఏం అమ్ముతున్నారు, సామాను ఎవరు మోస్తున్నారు, అన్నీ రాసుకో. వ్యాసంతో పాటు ఆ కాగితాలూ పంపు. ఏది వాడుకోవాలో తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ అన్నయ్య