ఒప్పందం ఎవరితో?

సందేహం: 1930ల మహామాంద్యంలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన 'న్యూ డీల్'ను మా విద్యార్థులు వాడే నోట్సులో 'నూతన ఒప్పందం' అని రాశారు. 'రూజ్‌వెల్ట్ యొక్క నూతన ఒప్పందం అను సాంఘిక సంస్కరణల కార్యక్రమం తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కోవడం జరిగినది' అన్నది అసలు వాక్యం. ఒప్పందమంటే ఇద్దరుండాలి కదా, రెండోవాళ్లెవరు అని ఒక కుర్రాడు అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. 'ఒప్పందం' సరైన మాటేనా? 'సాంఘిక', 'సామాజిక'ల్లో ఏది వాడాలి? (ఒక డిగ్రీ కళాశాల చరిత్ర అధ్యాపకురాలు)

సమాధానం: నోట్సు రాసిన పెద్దలకు తట్టని ప్రశ్న మీ కుర్రాడికి తట్టింది. 'ఒప్పు' లేనిదే ఒప్పందం లేదు. రూజ్‌వెల్ట్ ఎవరితోనూ కాగితం రాసుకోలేదు, ఎవరి చేతా సంతకం పెట్టించలేదు. పైగా అక్కడి డబ్బున్నవాళ్లు ఆయన పేరు చెబితేనే మండిపడేవారు.

ఈ రోజుల్లో 'డీల్' అనగానే మనకు బేరం ఒక్కటే గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ఆ మాటకు మొదటి అర్థం భాగం, వంతు. జర్మన్ భాషలో దాని తోబుట్టువు 'టైల్'కు ఇవాళ్టికీ అదే అర్థం. వంతులు వేయడం నుంచి పేకముక్కలు పంచడం అనే అర్థం వచ్చింది. బేరం, ఒడంబడిక ఆ తర్వాత ఎప్పటికో చేరాయి.

పేకాట సంగతి నా ఊహ కాదు. ఫ్రాంక్లిన్‌కు ముందు ఇంకో రూజ్‌వెల్ట్ ఉన్నాడు, అధ్యక్షుడు థియొడోర్. ఆయన నినాదం 'స్క్వేర్ డీల్'. 1905లో డాలస్‌లో మాట్లాడుతూ దాన్ని ఆయనే విప్పి చెప్పాడు. అందరికీ మంచి ముక్కలే పడాలని నేననడం లేదు, పడ్డ ముక్కలతో ఆడడం చేతకాకపోతే అది వాడి ఖర్మ, పంచడంలో మాత్రం మోసం ఉండకూడదు అని ఆ మాటల సారం. ఇందులో ఒప్పందం ఎక్కడుంది?

ఇక ఫ్రాంక్లిన్. 1932 జులై 2న షికాగోలో డెమొక్రటిక్ పార్టీ సభలో అభ్యర్థిత్వం ఒప్పుకుంటూ చేసిన ప్రసంగం చివర్లో 'న్యూ డీల్' అన్నాడు. మనవాళ్లు ఆ రెండు మాటలే పట్టుకుంటారు. దానికి కాస్త ముందు, దేశ సంపద పంపకంలో తమకూ న్యాయమైన పాలు దక్కాలని పల్లెల్లోనూ నగరాల్లోనూ లక్షలమంది ఎదురుచూస్తున్నారని కూడా అన్నాడు. మరుసటి ఏడాదికి పనిచేయగలిగినవాళ్లలో నలుగురికొకరు ఖాళీగా కూర్చున్న దేశం అది. పాత ఆటలో ముక్కలన్నీ కొద్దిమంది చేతికే పోయాయి, మళ్లీ పంచాలి. న్యూ డీల్ అంటే నాకు తెలిసిన తెలుగులో కొత్త పంపకం.

'పాలు' అన్నాను కదా, ఇక నన్ను ఆపడం కష్టం. తాగే పాలు వేరు, ఈ పాలు వేరు. పగులు, పంచు, పంపకం, పాయ, పాలు అన్నీ ఒకే కుదుట్లోవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తమిళంలో 'పగు' అంటే విడిపోవడం, 'పాల్' అంటే భాగం. పగిలినదే పాలవుతుంది, పగలకుండా పంపకం లేదు. మన వాడుకలో ఈ మాట ఎన్ని వేషాలు కట్టిందో చూడండి. అప్పుల పాలయ్యాడు, అడవి పాలయ్యాడు అంటాం, అంటే వాటి వంతుకు పోయాడని. 'నా పాలిట దేవుడు' అంటే నా వంతుకు దొరికిన దేవుడు. రూజ్‌వెల్ట్ ఒక్కడే పనిలేనివాళ్ల పాలిట దేవుడు, మిల్లు యజమానుల పాలిట శని. ఈ వాక్యాన్ని ఇంత పొట్టిగా ఇంగ్లీషులో చెప్పమనండి!

దాయాదులను తెలంగాణలో ఇప్పటికీ పాలోళ్లు అంటారు, గ్రాంథికంలో పాలివారు. ఆస్తిలో పాలు ఉన్నవాళ్లు కాబట్టి పోరు కూడా వాళ్లతోనే. తిక్కనగారి ఉద్యోగపర్వమంతా ఈ పాలు తగవే కదా. కౌరవ సభలో పెద్దలంతా నోరు మూసుకుని కూర్చుంటే కృష్ణుడు 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు' అంటాడు. ఆపగలిగి ఊరుకున్నవాళ్లకే చేటు అని. 1936లో ఫిలడెల్ఫియాలో రెండోసారి అభ్యర్థిత్వం అందుకుంటూ రూజ్‌వెల్ట్ దాదాపు ఈ మాటే అన్నాడు. దయతో పనిచేసే ప్రభుత్వం అప్పుడప్పుడు తప్పులు చేసినా ఫరవాలేదు, పట్టనట్టు గడ్డకట్టుకుపోయిన ప్రభుత్వం కంటే అదే మేలని. ఆయన సాక్ష్యానికి తెచ్చుకున్నది ఇటలీ మహాకవి దాంతేని. తిక్కన దొరికి ఉంటే అంత దూరం పోనక్కర్లేకపోయేది. ఉపేక్ష అన్న ఒక్క మాటకు రూజ్‌వెల్ట్ ఒక పొడవాటి వాక్యం ఖర్చుపెట్టాడు.

ఇప్పుడు ఆ 'తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కోవడం జరిగినది' దగ్గరికి వద్దాం. 'జరిగినది'ని నేను తిట్టీ తిట్టీ అలిసిపోయాను. ఎవరు ఎదిరించారో చెప్పకుండా రాస్తే వ్యతిరేకత వడగళ్లవానలా పైనుంచి పడ్డట్టుంటుంది. ఫలానావాడు అడ్డుపడ్డాడు, ఫలానావాడు ఎదురుతిరిగాడు అనడం తెలుగు పద్ధతి. అలా రాయబోతే చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవలసి వస్తుంది, బాధంతా అక్కడే.

అడ్డుపడ్డవాళ్లలో ముందు వరస పాలివాళ్లదే. న్యూ డీల్‌ను ఎదిరించడానికి 1934లో పుట్టిన అమెరికన్ లిబర్టీ లీగ్‌లో రసాయన పరిశ్రమల డ్యూపాంట్ కుటుంబపు డబ్బుతో పాటు ఆల్ స్మిత్ కూడా ఉన్నాడు. ఆయన 1928లో ఇదే డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి, ఒకప్పుడు సభల్లో నిలబడి రూజ్‌వెల్టే స్వయంగా పొగిడిన మనిషి. రెండో పక్క లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్, ఆయనా ఆ పార్టీవాడే. పంచింది చాలదు, సంపదంతా పంచాలని వేరే కుంపటి పెట్టాడు. సుప్రీంకోర్టు 1935 మే 27న న్యూ డీల్‌లోని పరిశ్రమల పునరుద్ధరణ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది, 1936 జనవరిలో వ్యవసాయ చట్టాన్ని కొట్టేసింది. ఆ ఏడాది ఎన్నికల్లో 48 రాష్ట్రాల్లో 46 గెలిచిన ఊపులో రూజ్‌వెల్ట్ 1937 ఫిబ్రవరిలో కోర్టులో ఆరుగురి దాకా కొత్త న్యాయమూర్తులను చేర్చే బిల్లు పెట్టాడు. దాన్ని సెనేట్‌లో పడగొట్టడానికి నడుం కట్టిన బర్టన్ వీలర్ మళ్లీ డెమొక్రటే! తర్వాత 1964 పౌరహక్కుల బిల్లుకు అడ్డం పడుకున్న సెనేటర్ రిచర్డ్ రసెల్, ఆ బిల్లు కోసం పట్టుబట్టిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు రాజకీయ గురువు, ఇద్దరూ ఆ పార్టీవాళ్లే. వీళ్లందరినీ 'ప్రతిపక్షం' అనేస్తే సరిపోతుందా? 'పాలివాళ్లు' అంటే ఒక్క మాటలో తేలిపోతుంది.

ఈ పంపకంలో పాలు అందనివాళ్లు కూడా ఉన్నారు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలో పొలం కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు చోటు పెట్టలేదు. దక్షిణాదిన నల్లవాళ్లలో చాలామంది చేసేది ఆ పనులే. పత్తి ధర పెరగాలని 1933లో ఎదిగిన పైరును దున్నించి ప్రభుత్వం డబ్బిస్తే, అందులో ఎక్కువ భాగం భూస్వాముల జేబులోకి పోయింది. పాలుకు చేసుకునే రైతులు చాలామంది గుడిసెలు ఖాళీ చేయాల్సి వచ్చింది. 1934లో ఆర్కన్సాలోని టైరాంజాలో నల్ల, తెల్ల కౌలుదార్లు కలిసి సంఘం పెట్టుకున్నది ఈ కడుపుమంటతోనే. వీళ్లను మన పత్రికల్లో 'వాటా పంటదారులు' అని రాయడం చూశాను. పాలికాపు అనే మాట ఉండగా ఈ కష్టం ఎందుకో!

సాంఘిక, సామాజిక రెండూ సంస్కృతమే, అర్థంలో తేడా పెద్దగా లేదు, మీకేది నోరు తిరిగితే అది వాడండి. నాకు అనుమానం 'సంస్కరణ' మీద. సంఘసంస్కరణ అనగానే తెలుగువాళ్లకు 1881లో రాజమండ్రిలో వీరేశలింగంగారు చేయించిన వితంతు వివాహం గుర్తొస్తుంది, అది ఆచారం మీద పోరాటం. 1991 తర్వాత ఉత్త 'సంస్కరణలు' అంటే ప్రభుత్వం వెనక్కి తప్పుకోవడమని స్థిరపడింది. రూజ్‌వెల్ట్ చేసింది దానికి తలకిందులు, ప్రభుత్వం ముందుకు రావడం. 'సంక్షేమ చట్టాలు' అంటే పిల్లలకు తికమక తప్పుతుంది.

'ఒబామాకేర్'ను 'ఒబామా సంరక్షణ' అని ఎవరో రాస్తే ఒబామా బాగోగులు చూడడమేమో అనుకున్నాను. 2010 ఆరోగ్య బీమా చట్టానికి అది ఎదుటివాళ్లు అంటించిన పేరు, తర్వాత ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. అలాగే ఉంచండి.

ఇంతకీ తీర్పు. 'నూతన ఒప్పందం' తప్పని నా అభిప్రాయం. అయితే అచ్చులో నలిగి నలిగి తప్పు కూడా రూఢి అయ్యే రోజులివి, పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ల దగ్గర అదే జవాబు ఉండొచ్చు. 'కొత్త పంపకం'లోనూ ఒక చిక్కుంది, అన్నదమ్ములు వేరుపడడం చప్పున మనసుకు వస్తుంది. అందుకని రాతలో 'న్యూ డీల్' అనే ఉంచి, పాఠం చెప్పేటప్పుడు పంపకం అని వివరించండి. ఫ్రాంక్లిన్ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ 'ఫెయిర్ డీల్'కు 'న్యాయమైన పంపకం' సరిపోతుంది. జాన్సన్ సంక్షేమ కార్యక్రమం 'గ్రేట్ సొసైటీ'కి 'మహా సమాజం' అంటున్నారు, అందులో మహాసభల వాసన ఉంది. ఇంకా మంచి మాట నాకైతే తట్టలేదు, మీకు తడితే రాయండి.