మైనింగా, ట్రిపుల్ ఈనా? సోంపేట తండ్రికి జవాబు

ప్రశ్న: సార్, మాది సోంపేట దగ్గర పల్లె. మా గుంట ఇంటర్ ఎంపీసీ అయింది. తమిళనాడు నైవేలీలో లిగ్నైట్ (గోధుమరంగు నాసిరకం బొగ్గు) కరెంటు ప్లాంట్లు, గనులు పెంచుతున్నారని ఎక్కడో చదివి మైనింగ్ ఇంజినీరింగ్ చేస్తానంటోంది. ఇంట్లో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చెయ్యమంటున్నారు. మా బీల (చిత్తడి నేల) కోసం 2010లో థర్మల్ ప్లాంటు వద్దని రోడ్డెక్కినవాణ్ణి, నా కూతురే అటు పోతానంటే మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ మనసు సంగతికి వస్తాను. ముందు ఉద్యోగాల మాట చూద్దాం.

నైవేలీ లిగ్నైట్ బరువులో దాదాపు సగం నీరే. రైలెక్కించి దూరం పంపితే నీళ్లకు కూడా కిరాయి కట్టాలి. అందుకే పరవాడలోని సింహాద్రి థర్మల్ ప్లాంటుకు బొగ్గు ఒడిశా నుంచి వస్తుంది గానీ, లిగ్నైట్ ప్లాంటు మాత్రం గని పక్కనే ఉంటుంది. ప్లాంటు పెరగాలంటే గనీ పెరగాలి. ఇది చూసే మీ అమ్మాయి ఉద్యోగాలు రెండింతలవుతాయని అనుకుంటోంది. నాకు ఆ నమ్మకం లేదు. నైవేలీలో 1962లో మొదలైన పాత స్టేషన్‌లో 600 మెగావాట్లకు 9 యూనిట్లు ఉండేవి. 2020లో దాన్ని మూసేశారు. దాని స్థానంలో కట్టిన కొత్త స్టేషన్‌లో 1,000 మెగావాట్లకు ఉన్నవి రెండే యూనిట్లు. కరెంటు పెరిగింది, నడపాల్సిన యంత్రాలు తగ్గాయి. విస్తరణ వార్త చూసి ఉద్యోగాలు లెక్కేసుకోవద్దు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. నైవేలీ గనుల్లో పని చాలావరకు కరెంటు మీదే నడుస్తుంది. మట్టినీ లిగ్నైట్‌నీ తవ్వే భారీ బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్లు, కిలోమీటర్ల కొద్దీ కన్వేయర్లు, లిగ్నైట్ పొర కింది భూగర్భజలం పైకి ఉబకకుండా రాత్రింబవళ్లు తోడే పంపులు. వీటికి ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లు కావాలి. అంటే ట్రిపుల్ ఈ చదివినా గనిలోకి దారి ఉంది, ప్లాంటులోకీ ఉంది, నైవేలీ గనులు నడిపే ఎన్ఎల్‌సీ సంస్థ పెట్టిన సోలార్‌లోకీ ఉంది. మైనింగ్ చదివితే ఈ వెసులుబాటు లేదు. కానీ పెద్ద గనికి మేనేజరు కావాలంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. దానికి మైనింగ్ చదువూ గనిలో అనుభవమూ కావాలి. ఆ కుర్చీలో ట్రిపుల్ ఈ వాళ్లను కూర్చోబెట్టరు.

ఆడపిల్ల అన్న బెంగ ఉంటే, 2019లో కేంద్రం నిబంధన సడలించింది. ఓపెన్‌కాస్ట్‌లో (పైనుంచి తవ్వే గనుల్లో) రాత్రి షిఫ్టుకు కూడా మహిళలను, వాళ్ల రాతపూర్వక సమ్మతితో, తీసుకోవచ్చు. అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి గనిలో సరైన వసతి ఉంటుందని చెప్పలేను. చేరేముందు అడిగి తెలుసుకోవాలి.

నా సలహా ఇది. ధన్‌బాద్ ఐఐటీ, సూరత్కల్ లేదా రూర్కెలా ఎన్ఐటీలో మైనింగ్ వస్తే తీసుకోండి. రాకపోతే పేరు కోసం ఎక్కడో మైనింగ్ సీటు వద్దు. దగ్గర్లో మంచి కాలేజీలో ట్రిపుల్ ఈ చేసి, ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకు పనికొచ్చే గేట్ పరీక్ష రాయించండి. ఎందుకంటే ఆమెకిప్పుడు 18 ఏళ్లు ఉంటాయి. రిటైరయ్యేసరికి 2067 దాటుతుంది. నికర సున్నా ఉద్గారాలకు (గాల్లోకి వదిలే కార్బన్, తిరిగి తీసేసే కార్బన్ సమానం కావడానికి) దేశం పెట్టుకున్న గడువు 2070. ఒక్క ఇంధనం మీద నలభై ఏళ్ల బతుకు పెట్టకూడదు. మైనింగే చదివినా లిగ్నైట్‌కే అతుక్కోనక్కర్లేదు. ఎన్ఎల్‌సీకే ఒడిశాలో తలబిరా బొగ్గు గని ఉంది, మీకు నైవేలీ కన్నా దగ్గర. మాంగనీసు, ఇనుము, సున్నపురాయి ఉండనే ఉన్నాయి.

ఇక మీ మనసు సంగతి. 2023 జులైలో నైవేలీ రెండో గని విస్తరణ కోసం వలయమాదేవి దగ్గర పైరున్న పొలాల్లోకి యంత్రాలు దిగితే అక్కడా పెద్ద గొడవైంది. మీరు బీల కోసం రోడ్డెక్కినట్టే అక్కడి రైతులూ రోడ్డెక్కారు. అది మీ అమ్మాయికి తెలియాలి, మీ నోటితోనే. వద్దనడానికి కాదు. భూమి పోయినవాళ్లు ఆఫీసు గుమ్మం ముందుకొచ్చినప్పుడు లోపల కూర్చునేది తనే కావచ్చు, దానికి ఆమె సిద్ధమేనా అని అడగండి. మైనింగ్‌లో తవ్విన భూమిని మళ్లీ సాగుకు తేవడం, గని మూసే ప్రణాళిక వెయ్యడం కూడా పనులే. అటు ఆసక్తి ఉందేమో కనుక్కోండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు టెక్కలి వైపు ఏదైనా గ్రానైట్ క్వారీకి, మేనేజరు అనుమతి తీసుకుని, ఒక పగలంతా తీసుకెళ్లండి. చల్లటి పూట కాదు, మిట్టమధ్యాహ్నం ఉండాలి. ఆ ఎండా దుమ్మూ చూశాక కూడా మైనింగే అంటే, ఇంట్లోవాళ్లకు మీరే సర్దిచెప్పండి.