యాసిడ్ లోడ్‌తో తడ దాటాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మనలి నుంచి ఆంధ్ర సరిహద్దులోని తడ వైపు ఫ్యాక్టరీలకు మా చిన్న ట్రక్కులో సల్ఫ్యూరిక్ యాసిడ్ కార్బాయ్‌లు (35 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు), వాటితోపాటే హైపో (సోడియం హైపోక్లోరైట్, బ్లీచింగ్ ద్రవం) క్యాన్లు పంపుతున్నాం. రెండింటి మీదా 8వ నంబరు గుర్తే ఉంది కాబట్టి కలిపి వేసుకోవచ్చని లోడింగ్ వాళ్లు అంటున్నారు. ట్యాంకర్లకు ఉండే బోర్డులు మా బండికీ పెట్టాలా?
– ఒక పాఠకుడు, మనలి, చెన్నై

జవాబు: ముందు ఆ హైపో క్యాన్లు దింపించండి. బోర్డుల సంగతి తర్వాత.

క్లాస్ 8 అంటే చర్మాన్నీ లోహాన్నీ తినేసే సరుకని మాత్రమే అర్థం. ఆ గుర్తున్న సరుకులు ఒకదానితో ఒకటి పడతాయని అది చెప్పదు. యాసిడ్, హైపో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలికంటే రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, టార్పాలిన్ కిందే పేరుకుంటుంది, పట్టా విప్పినవాడి ముఖానికి కొడుతుంది. రెండు క్యాన్ల మూతలు వదులైనా చాలు. ఈ రెండూ వేర్వేరు ట్రిప్పుల్లోనే వెళ్లాలి. హైపో కారిన బండి తొట్టిని కడిగి, పూర్తిగా ఆరాకే యాసిడ్ ఎక్కించాలి.

ఇంకొకటి, బరువు. గాఢ యాసిడ్ లీటరు 1.84 కిలోలు తూగుతుంది. 35 లీటర్ల కార్బాయ్‌లో సరుకే 64.4 కిలోలు. ఇరవై వేస్తే 1,288 కిలోలు! నీళ్ల క్యాన్ల లెక్కన ఎక్కిస్తే ఆర్‌సీలో ఉన్న బరువు దాటిపోతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. తొట్టిలో మేకు మొన తేలి ఉందేమో చేత్తో తడిమి చూడండి, ప్లాస్టిక్ కార్బాయ్‌కి చిల్లు పడేది ఎక్కువగా అక్కడే. నిలువుగా నిలబెట్టి, మధ్య సందులు చెక్కలతో బిగించండి.

బోర్డులు కావాలి. కేంద్ర మోటారు వాహన నియమాలు (1989), 134వ నియమం బండి సైజు చూడదు. రెండు పక్కలా, వెనకా, మొత్తం మూడు చోట్ల ఎమర్జెన్సీ ప్యానెల్ ఉండాలి. సరుకు పేరు కనీసం 50 మిల్లీమీటర్ల అక్షరాల్లో, యు.ఎన్. నంబరు (ప్రమాదకర సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830) 100 మిల్లీమీటర్ల అంకెల్లో, క్లాస్ గుర్తు 250 మిల్లీమీటర్ల చదరంలో, అత్యవసర సేవల ఫోను, సరుకు పంపినవారి ఫోను. రాత్రి ఎత్తని ల్యాండ్‌లైన్ నంబరు రాస్తే ప్రమాదంలో అది పనికిరాదు.

ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన కాగితం) సరుకు పంపినవారే ఇవ్వాలి, అది క్యాబిన్‌లో ఉండాలి. పాత లోడ్ల కార్డులు ఉంటే తీసేయండి. డ్రైవరు స్పృహలో లేనప్పుడు అగ్నిమాపక సిబ్బంది చేతికి ముందు ఏ కాగితం దొరికితే దాన్నే నమ్ముతారు.

ప్రశ్న: దారిలో యాసిడ్ కారితే నీళ్లు పోయొచ్చా?
– ఒక డ్రైవరు, మాధవరం

జవాబు: నేల మీద నిలిచిన గాఢ యాసిడ్‌పై నీళ్లు పోయకండి. ఒక్కసారిగా వేడెక్కి, మరిగి పైకి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి, గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ వైపుకు వెళ్లి నిలబడండి, జనాన్ని దూరం పంపండి. వీలైతే గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకుని పొడి ఇసుకతో గట్టు కట్టి కాలువలోకి పోకుండా ఆపండి. రంపపు పొట్టు వాడకండి, యాసిడ్‌కు మాడిపోతుంది. 112కి ఫోన్ చేసి యు.ఎన్. నంబరు ముందు చెప్పండి. తర్వాత దగ్గరి పోలీస్ స్టేషన్‌కూ యజమానికీ తెలపాలి, అది 136వ నియమం.

ఒంటి మీద పడితే మాత్రం పూర్తిగా వేరు. బట్టలు విప్పేసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి. బండిలో పెద్ద నీళ్ల క్యాను తప్పనిసరిగా పెట్టుకోండి.

ప్రశ్న: ఇలాంటి ప్రమాదకర సరుకు బండి నడపడానికి హెవీ లైసెన్సు ఉంటే చాలదా?
– గుమ్మిడిపూండి

జవాబు: చాలదు. 9వ నియమం ప్రకారం మూడు రోజుల శిక్షణ తీసుకుని లైసెన్సులో రాయించుకోవాలి. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. 2019 సవరణ తర్వాత అలాంటి లైసెన్సు గడువు మూడేళ్లు.

ప్రశ్న: ఖాళీ టోలీన్ (సులువుగా మండే ద్రావకం) డ్రమ్ముల మీద గుర్తులు చెరిపేయవచ్చా?
– అంబత్తూరు

జవాబు: కడిగి, ఆవిరంతా పోగొట్టేదాకా చెరపకండి. నిండు డ్రమ్ములో ద్రవమే ఎక్కువ, ఖాళీదాంట్లో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. నిప్పురవ్వ తగిలితే పేలేది ఆ మిశ్రమమే. మూతలు బిగించే పంపండి, గ్యాస్ కటింగ్ వాళ్లకు అలాగే అమ్మకండి.