మాధవికి, కౌన్సిల్ మీటింగుకి వెళ్ళే ముందు

చి॥ల॥సౌ॥ మాధవికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

వచ్చే గుంటూరు కార్పొరేషన్ కౌన్సిల్ సమావేశంలో, కార్పొరేటర్‌గా సిబ్బంది కొరత మీద గట్టిగా నిలదీస్తావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ ఛాతీ ఉప్పొంగిన మాట నిజం. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. గట్టిగా అడగటం వేరు, జవాబు తప్పించుకోవటానికి వీల్లేకుండా అడగటం వేరు. సభ్యుల ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టిన చేతుల్లో నాదీ ఒకటి. ఏ ఊళ్ళో అన్నది ఇప్పుడెందుకులే. ఆ తప్పించుకునే విద్య నాకు తెలుసు కాబట్టే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ప్రశ్న కాగితం మీద రాసి మీటింగు సెక్షన్లో ఇవ్వు, నీ కాపీ మీద స్టాంపూ తేదీ వేయించుకో. ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో కౌన్సిల్ సెక్రటరీని ఇప్పుడే అడుగు. అజెండా చివరి పేజీ దాకా చదువు. అప్పటికప్పుడు టేబుల్ మీదికి తెచ్చే అంశాలకి చదవకుండా చెయ్యెత్తకు. జీరో అవర్‌ని, అంటే రాతపూర్వక ప్రశ్న లేకుండా సభ్యులు నోటితో అడిగే సమయాన్ని, నమ్ముకోకు. గుంటూరు కౌన్సిల్లో 57 డివిజన్లు. తలా ఐదు నిమిషాలు మాట్లాడినా 285 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు. మధ్యాహ్నం భోజనాల వేళకి నీ మైకు వస్తే, నువ్వేం మాట్లాడినా ఎదురుగా ఉన్నవాళ్ళ చూపు తలుపు వైపే ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఇది పాత తప్పు, మాధవీ. కొత్త సభ్యులంతా చేసేది, పాతవాళ్ళలో సగం మంది ఇప్పటికీ మానలేనిది. "మా డివిజన్లో సిబ్బంది కొరత ఉందా? ఉంటే ఎంత?" అని అడుగుతారు. చూడ్డానికి చక్కటి ప్రశ్న. ఆ కాగితం సెక్షన్‌కి వచ్చిందంటే రాసేవాడికి పండగే. ఎందుకంటే "సిబ్బంది" అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు అంకెలున్నాయి. మంజూరైన పోస్టులు ఒకటి. వాటిలో భర్తీ అయినవి రెండు. ఈ నెల మస్తరులో, అంటే హాజరు పట్టీలో, పేర్లున్నవాళ్ళు మూడు. ఈ రోజు పొద్దున్నే నీ డివిజన్ రోడ్డు మీద చీపురు పట్టుకుని నిలబడ్డవాళ్ళు నాలుగు. నువ్వు ఏది కావాలో చెప్పకపోతే, నీకు ఏది తక్కువ ఉపయోగమో అదే ఇస్తారు.

జవాబు ఇలా వస్తుంది: "సదరు డివిజనుకు మంజూరైన పోస్టులన్నియు భర్తీ అయి ఉన్నవి. పారిశుద్ధ్య పనులు సజావుగా జరుగుచున్నవి." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పోస్టులు ఎప్పుడో పాత జనాభాకి మంజూరైనవి. ఆ తర్వాత ఖాళీ స్థలాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి, మంజూరు అంకె మాత్రం కదలలేదు. ఆ పాత అంకె నిండితే "అన్నియు భర్తీ". పైగా పర్మినెంటు వాళ్ళు ఒక లెక్క, 2020 జులై నుంచి ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా జీతం తీసుకునే ఔట్‌సోర్సింగ్ వాళ్ళు ఇంకో లెక్క. ఎక్కువ చూపించాలంటే రెండూ కలుపుతారు, ప్రభుత్వాన్ని పోస్టులు అడగాలంటే విడదీస్తారు. మస్తరు సంగతి మరీ విచిత్రం. పేరు నీ డివిజన్లో ఉంటుంది, మనిషి ఏదో ఆఫీసులో అటెండరుగానో, ఎవరి బంగళాలోనో మొక్కలకి నీళ్ళు పోస్తూనో ఉంటాడు. దాన్ని ఓడీ అంటారు, అంటే వేరే డ్యూటీ. మస్తరులో హాజరు, జీతం సక్రమం, నీ వీధిలో మాత్రం చెత్త అలాగే ఉంటుంది.

అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తగులుతుంది. జవాబు చదివి వినిపించగానే సభ్యుడు మర్యాదకి "థాంక్యూ సార్" అంటాడు. మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, "సభ్యులు సంతృప్తి వ్యక్తపరచినారు" అని పడుతుంది. ఆ వాక్యాన్ని నేనే ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆర్నెల్ల తర్వాత అదే సభ్యుడు మురుగునీళ్ళ సీసా పట్టుకుని కౌన్సిల్‌కి వస్తే, పాత మినిట్స్ తీసి చూపిస్తారు. అప్పుడు ఆయనకి నోట మాట రాదు. అందుకని జవాబు చాలకపోతే, నవ్వుతూనే సరే, "నేను సంతృప్తి చెందలేదు, అది నమోదు చేయండి" అని మైకులో అను. ఆ ఒక్క మాట అనడానికి నోరు రాదు, నాకు తెలుసు. ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు అనుకుని వెళ్ళు.

కాబట్టి ప్రశ్న ఇలా రాయి. ఫలానా తేదీ నాటికి, ఫలానా డివిజన్లో, పారిశుద్ధ్య విభాగంలో: మంజూరు ఎంత, భర్తీ ఎంత, మస్తరులో ఎంత, అందులో ఓడీ మీద ఎందరు, ఎక్కడ, ఏ ఉత్తర్వుతో, ఏ తేదీ నుంచి. పర్మినెంటు, ఔట్‌సోర్సింగ్ వేరువేరు గళ్ళలో. తేదీ లేని ప్రశ్న మూత లేని డబ్బా లాంటిది, అందులోంచి ఏదైనా కారిపోతుంది.

నాలుగో అంకె, అంటే రోడ్డు మీది అంకె, ఆఫీసులో ఎవరూ ఇవ్వరు. అది నువ్వే తెచ్చుకోవాలి. తెల్లారకముందే మస్తరు పాయింటుకి, అంటే కార్మికులకి హాజరు వేసే చోటికి వెళ్ళు, వారం రోజులు వరసగా. ఫోన్ తీసి వీడియో తీయకు. చేతిలో చిన్న నోటుపుస్తకం చాలు. ఆదివారం, పండగ మర్నాడు తప్పకుండా వెళ్ళు, అసలు బండారం ఆ రోజుల్లోనే బయటపడుతుంది. వార్డు సచివాలయం సిబ్బందిని లెక్కపెట్టాలంటే మాత్రం ఒకటో తారీఖున వెళ్ళకు. ఆ రోజు వాళ్ళు పింఛన్లు పంచడానికి ఇంటింటికీ తిరుగుతుంటారు. ఖాళీ కుర్చీలు చూసి అరిస్తే నువ్వే నవ్వులపాలవుతావు.

ఎంతమంది ఉంటే సరిపోతారో కూడా నీ దగ్గర లెక్క ఉండాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ వాళ్ళ ఘన వ్యర్థాల మాన్యువల్లో ఊడ్పుకి కొలతలున్నాయి. ఇళ్ళు కిక్కిరిసిన చోట మనిషికి రోజుకి 250 నుంచి 350 మీటర్ల రోడ్డు, ఓ మోస్తరు చోట 400 నుంచి 600, పలచగా ఉన్న చోట 650 నుంచి 750. మీ డివిజన్లో ఇరుకు సందులు 6 కిలోమీటర్లు, మిగతా రోడ్లు 8 కిలోమీటర్లు అనుకుందాం. సందుల్లో మనిషికి 300 మీటర్ల చొప్పున 20 మంది. రోడ్ల మీద 500 చొప్పున 16 మంది. రోజూ రోడ్డు మీద 36 మంది ఉండాలి. ఇక్కడితో ఆగిపోతే మళ్ళీ తప్పు. మనిషి వారానికి ఆరు రోజులే పని చేస్తాడు, వీధి ఏడు రోజులూ మురికవుతుంది. 36ని ఏడుతో గుణించి ఆరుతో భాగిస్తే 42. జ్వరాలకి, పెళ్ళిళ్ళకి, చావులకి పదో వంతు కలిపితే 46. మస్తరులో 40 పేర్లుండి, వారిలో ఆరుగురు ఓడీ మీద పోతే మిగిలేది 34. వారాంతపు సెలవు తీసేస్తే రోజుకి 29 మంది. కావాల్సింది 36, ఉన్నది 29. ఈ ఒక్క వాక్యం చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. కాలువల పూడిక తీసేవాళ్ళు దీంట్లో లేరు, వాళ్ళది వేరే లెక్క. పూడిక తీసినవాళ్ళనే కాదు, తీసిన సిల్టు ఎత్తే ట్రాక్టరు ఎన్నో రోజు వస్తుందో కూడా అడుగు. గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తే ఒక్క వానకి అంతా తిరిగి కాలువలోనే ఉంటుంది.

చీపురు సంగతి అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ అడుగుతారు. నాకు భయం దాని గురించి కాదు. నీళ్ళ గురించి. 2018 మార్చిలో పాత గుంటూరు ఆనందపేట వైపు డయేరియా వచ్చి ప్రాణాలు పోయాయి, తాగునీళ్ళలో మురుగు కలిసి. అప్పట్లో నువ్వు ఎక్కడున్నావో గానీ, ఆ వీధుల్లోవాళ్ళు ఇంకా మర్చిపోయి ఉండరు. వాల్వు తిప్పే మనిషి, ఫిట్టరు, లీకులు చూసే గ్యాంగు, క్లోరిన్ పరీక్ష చేసేవాడు. ఈ నలుగురిలో ఒకడు లేకపోయినా మర్నాడు వీధిలో ఏమీ తెలియదు. అందుకే ఆ ఖాళీల గురించి కౌన్సిల్లో ఎవరూ అడగరు. నువ్వు అడుగు, తల్లీ. ముందు అదే అడుగు.

ఎందుకో చెబుతాను. మనకి నీళ్ళు రోజంతా రావు. వదిలినంతసేపే పైపులో ఒత్తిడి ఉంటుంది. కట్టేయగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. ఇంటి కనెక్షన్ పైపు సైడు కాలువలోంచి పోతే, అక్కడ జాయింటు వదులైతే, ఆ మురుగు లోపలికి పోతుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. దీన్ని ఆపేది రెండే. కాలువలోంచి పోయే కనెక్షన్లను పైకి మార్చడం, చివరి కుళాయి దాకా క్లోరిన్ మిగిలేలా చూడటం. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి కుళాయి దగ్గర ఉండాలి. ట్యాంకు దగ్గర ఉంది అని రిజిస్టర్లో రాస్తే సరిపోదు. ట్యాంకు దగ్గర బాగా ఉండి చివర్లో సున్నా అయితే, దారిలో ఎక్కడో మురికి దాన్ని తినేస్తోందని అనుమానించాలి.

అందుకని ప్రశ్నలో రెండో భాగం ఇలా పెట్టు: మా డివిజన్లో చివరి కుళాయిలు ఏవి, గత 30 రోజుల్లో ఏ తేదీన ఏ కుళాయి దగ్గర పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, ఎవరు చేశారు. "ఎవరు చేశారు" దగ్గరే ఖాళీ పోస్టు దొరుకుతుంది. వచ్చేవి తక్కెళ్లపాడు శుద్ధి కేంద్రం నీళ్ళా, సంగం జాగర్లమూడి కేంద్రం నీళ్ళా అన్నది కూడా రాయించు, లేకపోతే తప్పు అవతలివాళ్ళ మీదికి తోసేస్తారు.

పోస్టులు మంజూరు చేయడం కార్పొరేషన్ చేతిలో లేదు, ప్రభుత్వం చేతిలో ఉంది. కాబట్టి "ప్రతిపాదనలు పంపియున్నాము" అంటారు. ఉత్తరం నంబరు, తేదీ అడుగు. కాపీ అడుగు. సగం సార్లు అక్కడ నీళ్ళు నములుతారు. ఆర్థిక సంఘం నిధులతో జీతాలివ్వండి అని అనకు, అవి జీతాలకి వాడనివ్వరు. ఆ మాట అన్నావంటే మిగతా నీ లెక్కలన్నీ కూడా తేలిపోతాయి. కౌన్సిల్ ఒత్తిడితో జరిగేవి వేరే ఉన్నాయి. ఓడీలు రద్దు చేసి మనుషుల్ని వెనక్కి తేవడం, పక్క డివిజన్లతో సర్దడం, తోపుడు బండ్లు, గ్లవుజులు, క్లోరిన్ పరీక్ష సామాను కొనడం. వీటికి తీర్మానం పెట్టు, గడువు తేదీతో.

ఇంకొక్కటి, కోప్పడుతున్నాననుకోకు. మీటింగులో ఏ కార్మికుడి పేరూ, ఏ మేస్త్రీ పేరూ ఎత్తకు. ఓడీ వేసింది అతను కాదు, వేయించుకున్నది ఇంకెవరో. నువ్వు పేరు చెబితే సాయంత్రానికి మెమో అతనికే వస్తుంది. తర్వాత మస్తరు పాయింటు దగ్గర నీతో ఎవరూ మాట్లాడరు, నాలుగో అంకె నీకు జన్మలో దొరకదు. మనుషులు తక్కువయ్యారని ఎవరినైనా మ్యాన్‌హోల్‌లోకి దింపుతున్నట్టు కనిపిస్తే మాత్రం మీటింగు దాకా ఆగకు. అక్కడే నిలబడి పని ఆపించు, అప్పుడే కమిషనర్‌కి ఫోన్ చెయ్యి. రక్షణ సామాను లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. గొంతు పెంచాల్సిన చోటు అది, కౌన్సిల్ హాలు కాదు.

మినిట్స్ కాపీ వచ్చాక నాకొక జిరాక్సు పంపు. "సంతృప్తి" అన్న మాట ఎక్కడైనా దూరిందేమో చూసి చెబుతాను. దూరితే తర్వాతి సమావేశంలో మినిట్స్ ఖరారు చేసే ముందే లేచి దిద్దించాలి, ఆ తర్వాత అడిగి లాభం లేదు.

క్లోరిన్ పరీక్ష సీసా ఒకటి నువ్వే కొనుక్కో. దాని మీద రాసినన్ని చుక్కలే వెయ్యి. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. వెంటనే చూడు, ఆలస్యమైతే రంగు మారి మోసం చేస్తుంది. గడువు తేదీ చూసి కొను. పరీక్ష చేసిన నీళ్ళు పారబోసెయ్యి, అది ఒంటికి మంచిది కాదు. వంటింట్లో అలమరలో పెట్టకు, పిల్లలకి అందుతుంది. స్కూటర్ డిక్కీలో ఎండకి కూడా పెట్టకు. మీ నాన్న బీరువాలో పై అరలో పెట్టమను, తాళం వాడి దగ్గరే ఉంటుంది.

పెదనాన్న