పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జడవాయువు కలిపితే సమతాస్థితి కదులుతుందా?

ప్రశ్న: ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ విడిపోయి ట్రైక్లోరైడ్, క్లోరిన్ ఏర్పడే చర్య సమతాస్థితిలో (ముందుకు, వెనక్కు జరిగే చర్యల వేగాలు సమానంగా ఉన్న స్థితిలో) ఉండగా, చర్యలో పాల్గొనని ఆర్గాన్ అనే జడవాయువును కలిపితే ఏమవుతుంది? ఒక గైడులో 'మార్పు ఉండదు' అని, ఇంకోదాంట్లో 'పురోగామి దిశలో (ముందుకు) జరుగుతుంది' అని ఉంది. పీడనం పెరుగుతుంది కాబట్టి వెనక్కే జరగాలని మా క్లాసులో కొందరి వాదన. ఏది రాయాలి?
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, కావలి

జవాబు: గైడులు రెండూ తప్పు చెప్పలేదు, కాకపోతే చెరో సగమే చెప్పాయి. ఆర్గాన్‌ని ఎలాంటి పాత్రలో కలిపారో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. మీ క్లాసులోని మూడో వాదన మాత్రం ఎక్కడా నిలవదు.

లెక్క వేసి చూద్దాం. వాయు మిశ్రమంలో ఒక్కో వాయువు వంతు పీడనాన్ని దాని పాక్షిక పీడనం అంటారు. సమతాస్థితిలో ట్రైక్లోరైడ్, క్లోరిన్‌ల పాక్షిక పీడనాలను గుణించి పెంటాక్లోరైడ్ పాక్షిక పీడనంతో భాగిస్తే వచ్చే స్థిరాంకమే కేపీ. 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ చర్యకు కేపీ విలువ సుమారు 1.8 (పీడనం అట్మాస్ఫియర్లలో). ఒక మోల్ పెంటాక్లోరైడ్‌తో మొదలుపెట్టి మొత్తం పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ దగ్గర ఉంచితే 0.80 మోల్ విడిపోతుంది. అప్పుడు పాత్రలో పెంటాక్లోరైడ్ 0.20, ట్రైక్లోరైడ్ 0.80, క్లోరిన్ 0.80, అన్నీ కలిపి 1.80 మోల్స్ ఉంటాయి.

ఇప్పుడు 2 మోల్స్ ఆర్గాన్ కలపండి. పాత్ర గట్టిగా మూసిన ఉక్కు సిలిండర్ అయితే ఘనపరిమాణం మారదు. మొత్తం పీడనం 1 నుంచి 2.11 అట్మాస్ఫియర్లకు ఎగబాకుతుంది. కానీ ఆ పెరిగిన 1.11 అంతా ఆర్గాన్‌దే. పెంటాక్లోరైడ్ మోల్స్ అవే, చోటు అదే, ఉష్ణోగ్రత అదే. కాబట్టి దాని పాక్షిక పీడనం మునుపటిలా 0.11గానే ఉంటుంది. మిగతా రెండూ 0.445 చొప్పున ఉంటాయి. కేపీ సూత్రంలోకి వెళ్లేవి ఈ మూడే, ఆర్గాన్‌కు అందులో చోటు లేదు. 0.445 వర్గాన్ని 0.11తో భాగిస్తే మళ్లీ 1.8 వస్తుంది. సమతాస్థితి కదలడానికి కారణమే లేదు. 'పీడనం పెరిగితే తక్కువ మోల్స్ వైపు' అన్న మాట పాత్రను నొక్కి ఘనపరిమాణం తగ్గించినప్పటి సంగతి. అక్కడ చర్యలో ఉన్న ప్రతి వాయువు పాక్షిక పీడనమూ పెరుగుతుంది. ఇక్కడ పెరిగింది మీటరు ముల్లు చూపే మొత్తం మాత్రమే.

అదే పాత్రకు పిస్టన్ ఉండి, పీడనం 1 అట్మాస్ఫియర్ దగ్గరే నిలిచేట్టు అది పైకి జరుగుతోందనుకోండి. 2 మోల్స్ ఆర్గాన్ చేరగానే ఘనపరిమాణం 2.11 రెట్లవుతుంది. మూడు వాయువుల పాక్షిక పీడనాలూ అదే నిష్పత్తిలో పడిపోతాయి: పెంటాక్లోరైడ్ 0.052, మిగతావి 0.21 చొప్పున. కేపీ సూత్రంలో ఈ అంకెలు వేస్తే 0.85 వస్తుంది. అది 1.8 కంటే తక్కువ కనుక చర్య ముందుకు జరగాలి. కొత్త సమతాస్థితిలో పెంటాక్లోరైడ్ 89 శాతం దాకా విడిపోతుంది. 80 నుంచి 89కి వచ్చింది. కేపీ మాత్రం మారలేదు, ఎందుకంటే అది ఉష్ణోగ్రతకే లోబడుతుంది.

ఈ లెక్కలో పిల్లలు జారేది ఎక్కువగా ఒక్క చోటే. పాక్షిక పీడనం కట్టేటప్పుడు హారంలో మొత్తం మోల్స్ ఉండాలి. విఘటన అవధిని (ఒక మోల్‌లో విడిపోయిన భాగాన్ని) 'అ' అనుకుంటే, ఆర్గాన్ లేనప్పుడు అది 1 + అ. 2 మోల్స్ ఆర్గాన్ ఉంటే 3 + అ. చాలామంది ఆర్గాన్‌ని మరిచి 1 + అ అనే వేసి, మళ్లీ 0.80 తెచ్చుకుని, 'మార్పు లేదు' అని రాసేస్తారు.

దిశ గురించి ఒక మాట. స్థిర పీడనంలో జడవాయువు ఎప్పుడూ ఎక్కువ మోల్స్ ఉన్న వైపే నెడుతుంది. పెంటాక్లోరైడ్‌కు అది ముందు వైపు, నాలుగు మోల్స్ (ఒకటి నైట్రోజన్, మూడు హైడ్రోజన్) రెండుగా మారే అమ్మోనియా తయారీకి వెనక వైపు. హైడ్రోజన్, అయోడిన్ కలిసి హైడ్రోజన్ అయోడైడ్ అయ్యే చర్యలో రెండు వైపులా రెండేసి మోల్స్. అక్కడ ఏ పాత్రలోనైనా తేడా రాదు.

ఇది పరీక్ష కోసం పుట్టించిన విషయం కాదు. ఇథైల్ బెంజీన్ నుంచి స్టైరీన్ తీసే ఫ్యాక్టరీల్లో 600 డిగ్రీలు దాటిన వేడి దగ్గర, ఇథైల్ బెంజీన్‌కు ఎన్నో రెట్ల మోల్స్ నీటి ఆవిరి కావాలనే కలుపుతారు. ఒక మోల్ రెండు మోల్స్‌గా విడిపోయే చర్య కనుక ఆవిరి దాన్ని ముందుకు నడుపుతుంది. చర్యకు కావాల్సిన వేడినీ అదే మోసుకొస్తుంది, ఉత్ప్రేరకం మీద పేరుకునే బొగ్గునూ అదే తొలగిస్తుంది.

ప్రశ్న: నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసే హేబర్ పద్ధతిలో నైట్రోజన్‌ని గాలి నుంచే తీసుకుంటారు కదా, గాలిలోని ఆర్గాన్ ఏమవుతుంది?
– జూనియర్ కళాశాల అధ్యాపకులు, కనిగిరి

జవాబు: అది పోదు. అదే ఇబ్బంది. గాలిలో ఆర్గాన్ 0.93 శాతం. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు మిగిలిన కొంత మీథేన్ కూడా దానితో కలిసి వస్తుంది. కన్వర్టర్ (చర్య జరిగే పాత్ర) గుండా ఒక్కసారి పోయిన వాయువులో కొంత భాగమే అమ్మోనియా అవుతుంది. దాన్ని చల్లార్చి ద్రవంగా తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కన్వర్టర్‌కు పంపుతారు. ఆర్గాన్, మీథేన్ చర్యలో ఖర్చు కావు, ద్రవంలోకీ పెద్దగా పోవు. కాబట్టి తిరిగే కొద్దీ పేరుకుంటాయి. పీడనం 200 అట్మాస్ఫియర్లు ఉన్నా, జడవాయువులు 10 శాతానికి చేరితే చర్యలో ఉన్న వాయువులకు దక్కేది 180 మాత్రమే. 20 శాతమైతే 160. పీడనం ఎక్కువైతేనే అమ్మోనియా ఎక్కువొచ్చే చర్యకు ఇది నేరుగా నష్టం.

అందుకే తిరిగే వాయువులో కొంత ఎప్పటికప్పుడు బయటికి వదులుతారు. లెక్క సులువే. కొత్తగా వచ్చే ప్రతి 100 మోల్స్‌లో 1 మోల్ జడవాయువు ఉందనుకోండి. అంతే బయటికీ పోవాలి. లోపల 10 శాతం దగ్గర నిలపాలంటే 10 మోల్స్ వదలాలి, 20 శాతానికి ఒప్పుకుంటే 5 చాలు. కానీ వదిలినదానిలో ఎక్కువ భాగం డబ్బు పోసి తయారుచేసుకున్న హైడ్రోజన్, నైట్రోజన్‌లే. ఎక్కువ వదిలితే ఆ ఖర్చు, తక్కువ వదిలితే దిగుబడి దెబ్బ. వదిలిన వాయువు నుంచి హైడ్రోజన్‌ని తిరిగి రాబట్టే ఏర్పాట్లు చాలాచోట్ల ఉన్నాయి. ఆర్గాన్‌ని కూడా వేరుచేసి అమ్ముతారు.

ప్రశ్న: సగం తాగిన రెండు లీటర్ల సోడా బాటిల్‌లోకి పంపుతో గాలి కొట్టి మూత బిగిస్తే గ్యాస్ పోకుండా ఉంటుందా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉండదు. ఇదీ పై కథే. నీటిలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ పైనున్న ఖాళీలో తన సొంత పాక్షిక పీడనాన్ని బట్టి నిలుస్తుంది, గాలి పీడనాన్ని బట్టి కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. 4 అట్మాస్ఫియర్ల దాకా గాలి నింపినా దాని వంతు 0.0016 అట్మాస్ఫియర్. ఆ ఖాళీకి గ్యాస్ ఎక్కడి నుంచి రావాలి? మీ సోడాలో నుంచే. ఒక లీటరు సోడా మీద ఒక లీటరు ఖాళీ ఉంటే, 25 డిగ్రీల దగ్గర మిగిలిన గ్యాస్‌లో సగానికి పైగా ఆ ఖాళీలోకి చేరాకే సమతాస్థితి కుదురుతుంది. గాలి కొడితే ఒరిగేది ఒక్కటే: మొత్తం పీడనం ఎక్కువ కనుక బుడగలు లేవవు, గ్యాస్ పైతలం గుండా నెమ్మదిగా పోతుంది. గంటలో తాగేస్తారంటే సరే. రేపటికి దాచాలంటే పనికిరాదు.

గోలీ సోడా బాటిల్‌లోకి గాలి కాకుండా కార్బన్ డయాక్సైడ్‌నే కొట్టేది అందుకే. బాటిల్‌ని తలకిందులు చేసి నింపితే గోలీ మెడలోకి జారుతుంది, లోపలి గ్యాసే దాన్ని రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. ఇంట్లో అయితే మిగిలిన సోడాను చిన్న బాటిల్‌లోకి నురగ రాకుండా మెల్లగా అంచు దాకా ఒంపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. సున్నా డిగ్రీల దగ్గర నీటిలో కార్బన్ డయాక్సైడ్ 25 డిగ్రీల దగ్గరి కంటే రెట్టింపుకు పైగా కరుగుతుంది.